గాజు తొట్టిలో రొయ్య: ఫిలిప్ హెన్రీ గాస్ కథ

ముందు ఒక విషయం ఒప్పేసుకుంటాను. పోయిన వేసవి సెలవుల్లో నేనొక రొయ్యని చంపేశాను.

కూర కోసం కాదు. మా బావకి విశాఖపట్నంలో ఇంట్లో 60 లీటర్ల రీఫ్ ట్యాంకు ఉంది. రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీళ్ళ అక్వేరియం. అందులో రాళ్ళు, రాళ్ళ మీద పగడపు జీవులు, రెండు చిన్న చేపలు, ఒక క్లీనర్ ష్రింప్ ఉండేవి. ఆ రొయ్యది ఎర్రటి ఒళ్ళు, వీపు మీద తల నుంచి తోక దాకా తెల్ల గీత, పొడవు రెండంగుళాలు. చేప దగ్గరకొచ్చి నిలబడితే దాని ఒంటి మీద పురుగుల్ని ఏరి తింటుంది. మనం చెయ్యి పెట్టినా వచ్చి గోళ్ళ చుట్టూ గిల్లుతుంది. బావా, అక్కా 10 రోజులు ఊరెళ్తూ ట్యాంకు నాకు అప్పజెప్పారు. ఎండలకి నీళ్ళు రోజూ తగ్గిపోతున్నాయి. నేను ఎంతో బుద్ధిగా, డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళతో రోజూ నింపాను. ఎనిమిదో రోజు పొద్దున రొయ్య పక్కకి ఒరిగి పడుంది.

తప్పు ఏంటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. తగ్గిన నీటికి బదులు మంచినీళ్ళు పోయాలి. నేను ఉప్పు మీద ఉప్పు పోస్తూ వచ్చాను. 35 ఉండాల్సిన సాలినిటీ 40 దాటింది. ఎనిమిదో తరగతి సైన్సు ఇది! బావ వచ్చాక ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఆ తర్వాత దీని గురించి చదువుతూ పోతే ఒక పాతకాలపు ఇంగ్లీషు మనిషి దగ్గర ఆగాను. నేను చేసిన తప్పు చెయ్యొద్దని ఆయన 1850ల్లోనే పుస్తకంలో రాసి పెట్టాడు. పేరు ఫిలిప్ హెన్రీ గాస్. అక్వేరియం అనే మాటని ఇప్పుడు మనం వాడే అర్థంలో వాడుకలోకి తెచ్చింది ఆయనే. మన మ్యాగజైన్లో జీవిత చరిత్రలంటే శాస్త్రవేత్తో, కవో, స్వాతంత్ర్య యోధుడో ఉంటారు. గాస్ ఈ మూడింట్లో దేనికీ పూర్తిగా సరిపోడు. అందుకే రాయాలనిపించింది.

ఆయన పుట్టింది 1810 ఏప్రిల్ 6న, ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో. పెరిగింది పూల్ అనే రేవు ఊళ్ళో. తండ్రి థామస్ ఊరూరా తిరిగి చిన్న సైజు బొమ్మలు గీసే చిత్రకారుడు. అంటే ఫోటోలు లేని కాలంలో పాస్‌పోర్ట్ సైజు ఫోటోగ్రాఫర్ లాంటివాడు అనమాట. సంపాదన అంతంత మాత్రం. ఇల్లు నెట్టుకొచ్చింది తల్లి. పిల్లాడికి సముద్రపు జీవుల పిచ్చి పట్టించింది మాత్రం అదే ఊళ్ళో ఉన్న మేనత్త. ఆవిడ పేరు సూసన్ బెల్. సీ అనెమొనీ అని ఒక జంతువుంటుంది, రాయికి అతుక్కుని, చూడ్డానికి అచ్చం పువ్వులా. దాన్ని సముద్రపు నీళ్ళున్న గిన్నెలో వేస్తే ఇంట్లోనే బతికించుకోవచ్చని పిల్లాడికి చెప్పింది ఆవిడే. ఆవిడ కొడుకు థామస్ బెల్ తర్వాత పెద్ద జంతుశాస్త్రవేత్త అయ్యాడు. మేనల్లుడు కూడా అయ్యాడు కానీ చాలా చుట్టు తిరిగి అయ్యాడు.

ఎందుకంటే 15 ఏళ్ళకే చదువు ఆగిపోయింది. ఒక వ్యాపారి ఆఫీసులో గుమస్తాగా చేరాడు. 17 ఏళ్ళకి, 1827లో, ఓడెక్కి అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లోని కార్బొనీర్ అనే ఊరికి మళ్ళీ గుమస్తా పనికే వెళ్ళాడు. చేపలు, సీల్ చర్మాల లెక్కలు రాసే పని. మనలో 17కి హాస్టల్‌కి వెళ్ళి మొదటి వారం ఏడ్చినవాళ్ళం ఉన్నాం (నేనూ ఉన్నాను), అందుకే ఇక్కడ కాసేపు ఆగాను. 1832లో ఆయన మైక్రోస్కోప్ గురించి ఒక పాత పుస్తకం కొనుక్కున్నాడు. ఇంట్లో చెల్లెలికి జబ్బు చేసిందని ఉత్తరం వచ్చి, ఆ దిగులులో భక్తి వైపు గట్టిగా తిరిగిందీ ఆ సంవత్సరమే. పురుగులూ, దేవుడూ ఒకే ఏడాది ఆయన జీవితంలోకి వచ్చాయి. చివరిదాకా రెండూ వదల్లేదు. ఆయన కథలో వచ్చే కష్టమంతా ఇక్కడే మొదలైంది.

తర్వాత కొన్నేళ్ళు వరసగా ఫెయిల్యూర్లే. 1835లో కెనడాలో పొలం కొన్నాడు, వ్యవసాయం కలిసిరాలేదు. 1838లో అమెరికాలో అలబామా వెళ్ళి ఎనిమిది నెలలు తోటల యజమానుల పిల్లలకి పాఠాలు చెప్పాడు. అక్కడ సీతాకోకచిలుకల్ని, పురుగుల్ని ఎంతో అందంగా రంగుల్లో గీశాడు. అక్కడి బానిసత్వం చూసి తట్టుకోలేకపోయాడు. 1839లో ఇంగ్లండ్ తిరిగొచ్చేసరికి 28 ఏళ్ళు, చేతిలో డబ్బు లేదు. ఓడలో కూర్చుని రాసుకున్న కెనడా ప్రకృతి పుస్తకం 1840లో అచ్చయింది. అది కాస్త నిలబెట్టింది. 1844 నుంచి 1846 దాకా జమైకాలో పక్షులు, మొక్కలు సేకరించాడు. అక్కడ సామ్యూల్ క్యాంప్‌బెల్ అనే నల్లజాతి కుర్రాడు ఆయనకి సహాయకుడు. చెట్టూ పుట్టా తెలిసినవాడు. అతని సాయాన్ని గాస్ తన పుస్తకాల్లో పేరు పెట్టి చెప్పుకున్నాడు. ఆ కాలానికి అది చాలామంది చెయ్యని పని.

1848లో, 38వ ఏట, ఎమిలీ బౌస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఆయన వెళ్ళే ప్రార్థనా సమాజం మనిషే. కవిత్వం, మతపరమైన చిన్న పుస్తకాలు రాసేది. మరుసటి ఏడాది సెప్టెంబరులో కొడుకు ఎడ్మండ్ పుట్టాడు. ఆ రోజు గాస్ తన డైరీలో కొడుకు పుట్టిన సంగతీ, జమైకా నుంచి ఒక ఆకుపచ్చ పిట్ట అందిన సంగతీ పక్కపక్కనే రాసుకున్నాడు. దీన్ని చెప్పి నవ్వేవాళ్ళు చాలామంది. నాకైతే ఇది ప్రేమ లేకపోవడం అనిపించదు. లాగ్ ఫైల్ రాసే మనిషి అలాగే రాస్తాడు. ఏది ఎప్పుడు జరిగితే అది.

ఇక అసలు కథ. విపరీతంగా పని చేసి 1852 నాటికి గాస్ ఆరోగ్యం పాడైంది. గాలి మార్పు కోసం కుటుంబంతో డెవన్ తీరానికి వెళ్ళాడు. ముందు టార్కీ దగ్గర, తర్వాత ఇల్ఫ్రాకూమ్. అక్కడ సముద్రం ఆటు సమయంలో వెనక్కి వెళ్ళినప్పుడు రాళ్ళ సందుల్లో చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. ఒక్కో మడుగులో నాచు, అనెమొనీలు, పీతలు, నక్షత్ర చేపలు, రొయ్యలు. విశాఖలో ఆటు వేళ రాళ్ళ మీద నడిచినవాళ్ళకి ఇది కొత్త కాదు. గాస్ సుత్తీ, ఉలీ పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, అనెమొనీ అతుక్కున్న రాయిముక్కతో సహా చెక్కి తెచ్చుకునేవాడు. ఈ సుత్తీ ఉలీ గుర్తుపెట్టుకోండి.

తెచ్చుకోవడం సరే, బతికించడం ఎలా? అప్పటిదాకా సముద్ర జీవుల్ని గిన్నెలో పెడితే నీళ్ళు రోజూ మార్చాలి. లేకపోతే కంపు కొట్టి అన్నీ చస్తాయి. 1852 మేలో గాస్ మిఠాయి కొట్లో సరుకు పెట్టే పొడవాటి గాజు సీసా ఒకటి తీసుకుని, సముద్రపు నీళ్ళు పోసి, బతికున్న నాచుని రాయితో సహా అందులో వేశాడు. తర్వాత జంతువుల్ని వదిలాడు. లెక్క ఏంటంటే, జంతువు వదిలే కార్బన్ డయాక్సైడుని నాచు వెలుగులో వాడుకుంటుంది, నాచు వదిలే ఆక్సిజన్‌ని జంతువు పీల్చుకుంటుంది. ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్. లూప్ సరిగ్గా నడిస్తే నీళ్ళు మార్చాల్సిన పనే లేదు.

ఈ ఐడియా గాస్ ఒక్కడిదే కాదు, ఆయనా అలా చెప్పుకోలేదు. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త అంతకు రెండేళ్ళ ముందే లండన్‌లో మంచినీళ్ళ తొట్టిలో చేపలు, నీటి మొక్క, నత్తలతో ఇదే నిరూపించి ప్రచురించాడు. అన్నా థిన్ అనే ఆవిడ అంతకన్నా ముందే, 1846 ప్రాంతంలో, టార్కీ నుంచి పగడపు జీవుల్ని లండన్‌కి తీసుకెళ్ళి బతికించింది. ఆ నీళ్ళలో గాలి కలవడానికి ఇంట్లో పనమ్మాయి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రోజూ నీళ్ళు వంపుతూ ఉండేది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు చేసే పని ఇదే. చరిత్రలో ఆ పనమ్మాయి పేరు లేదు, చేతులు మాత్రం ఉన్నాయి.

గాస్ ప్రత్యేకత రాయడంలో ఉంది. తను చూసింది మామూలు మనిషికి అర్థమయ్యేలా, పక్కన కూర్చుని చూపిస్తున్నట్టు రాసేవాడు, బొమ్మలు తనే గీసేవాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ఫిష్ హౌస్ తెరిచారు. జనం కోసం కట్టిన మొదటి అక్వేరియం అదే. అందులోకి సముద్ర జీవుల్ని సరఫరా చేసినవాళ్ళలో గాస్ ముఖ్యుడు. 1854లో ఆయన పుస్తకం 'ది అక్వేరియం' వచ్చింది. అంతకుముందు ఈ తొట్టెల్ని వివేరియం అనేవాళ్ళు. గాస్‌కి ఆ మాట నచ్చలేదు. తోటల్లో నీటి మొక్కలు పెంచే కుండీలకి వాడే అక్వేరియం అనే పొట్టి మాటని తీసుకుని దీనికి పెట్టాడు. అది నిలిచిపోయింది. మన దగ్గర పెట్ షాపు బోర్డుల మీద తెలుగులో రాసి ఉండేది కూడా ఆ మాటే.

ఆ పుస్తకంలో రంగుల బొమ్మల పేజీలున్నాయి. వాటిలో ఒకటి ఈసప్ రొయ్యది. వీపు గూనిలా వంగి ఉంటుందని, గూనివాడని చెప్పుకునే కథల ఈసప్ పేరు దానికి పెట్టారు. దాని ఒంటి మీద ఎర్రటి చారలుంటాయి. ఇప్పటి రీఫ్ ట్యాంకులో రంగు రొయ్యల్ని చూసి మురిసిపోయే మనలాంటివాళ్ళకి ఇది తాతల నాటి ఆల్బమ్.

రొయ్యంటే మనకి ఇగురు. పోనీ, చెరువు రైతుకి కౌంటు, రేటు. గాస్ పాఠకులకీ అంతే, అప్పటిదాకా వాళ్ళు చూసింది ఉడికి ఎర్రబడిన రొయ్యనే. ఆయన దాన్ని బతికుండగా గాజు వెనకనుంచి చూపించాడు. బతికున్న రొయ్య ఒళ్ళు గాజులాంటిది, అవతల ఉన్నది కనిపిస్తుంది. దాని మీద ముదురు రంగు సన్నటి గీతలు. తల మీద రంపంలాంటి ముల్లు. కళ్ళు చిన్న కాడల మీద నిలబడి ఉంటాయి, రాత్రి దీపం పట్టుకుంటే నిప్పు కణికల్లా మెరుస్తాయి. ముందు కాళ్ళ జత చివర సన్నటి బ్రష్షుల్లాంటి వెంట్రుకలుంటాయి. వాటితో అది ఒళ్ళంతా, పొట్ట కింద, మొప్పల సందులో, ఓపిగ్గా శుభ్రం చేసుకుంటుంది. కాసేపు చూస్తే, స్నానం చేసి జడ వేసుకుంటున్న మనిషి గుర్తొస్తుంది. ఇంకో వింత పెంకు విడవడం. రొయ్య పెరగాలంటే పాత పెంకు బిగుతైపోతుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. ఒక్క ఉదుటున వెనక్కి జారి బయటికొచ్చేస్తుంది. పాత పెంకు మీసాలతో సహా అచ్చు రొయ్యలాగే అక్కడ పడుంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు రొయ్య చచ్చిందనుకుని గుండె పట్టుకుంటారు. కొత్త పెంకు గట్టిపడేదాకా అది మెత్తగా, నిస్సహాయంగా రాళ్ళ వెనక దాక్కుంటుంది. ఎనిమిదో రోజు పొద్దున నేను కూడా అది పెంకే అయ్యుంటుందని, అసలుది ఏ రాయి వెనకో ఉంటుందని గంటసేపు వెతికాను. లేదు.

పుస్తకం వచ్చాక ఒక సమస్య మిగిలింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళ సంగతేంటి? ఓడల వాళ్ళకి డబ్బిచ్చి పీపాల్లో సముద్రపు నీళ్ళు తెప్పించుకోవాల్సి వచ్చేది. గాస్ సముద్రపు నీటి రసాయన విశ్లేషణ ముందేసుకుని, అందులో ముఖ్యమైన లవణాలు నాలుగే తీసుకున్నాడు. మామూలు ఉప్పు 81 పాళ్ళు, ఎప్సమ్ సాల్ట్ 7, మెగ్నీషియం క్లోరైడ్ 10, పొటాషియం క్లోరైడ్ 2. వీటిని మంచినీళ్ళలో కలిపి, ముందు నాచు వేసి, కొన్నాళ్ళు ఆగి, అప్పుడు జంతువుల్ని వదిలాడు. బతికాయి. ఆ ఫార్ములాని 1854లోనే ఒక సైన్సు పత్రికలో అందరి కోసం అచ్చేయించాడు. పూర్తి ఓపెన్ సోర్స్. ఇప్పుడు మా బావ కొనే సాల్ట్ మిక్స్ బకెట్‌కి ముత్తాత అది. ఇవాళ్టి మిక్సుల్లో కాల్షియం లాంటివి ఇంకా చాలా ఉంటాయి, ఎందుకంటే పగడం తన గూడు కట్టుకోవాలంటే కాల్షియం కావాలి. కానీ మొదటి వెర్షన్ నాలుగు లైన్లే.

దానితో పాటే ఆ సలహా. తొట్టి నింపిన రోజు నీటి మట్టం దగ్గర గాజు మీద ఒక గీత గీసుకోండి, నీళ్ళు తగ్గితే ఆ గీత దాకా మంచినీళ్ళే పోయండి, ఉప్పు ఎక్కడికీ పోదు. ఇది చదివినప్పుడు నా మొహం నేను చూసుకోలేదు, అంతే.

ఆయనకి తెలియనిదీ ఒకటుంది. లూప్ మొత్తం నాచుదే అనుకున్నాడు. నిజానికి రొయ్య విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా విషం, దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చేది కంటికి కనిపించని బాక్టీరియా. ఆయన రాయితో సహా చెక్కి తెచ్చిన ప్రతిసారీ ఆ బాక్టీరియాని కూడా తెలియకుండానే తెచ్చాడు. ఈ మార్పు చేసేది సూక్ష్మజీవులని ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు చూపించింది 1877లో. ఆయన కోడ్ పని చేసింది, ఎందుకు పని చేసిందో ఆయనకి సగమే తెలుసు. మన ల్యాబ్ రికార్డుల్లో ఇలాంటివి ఎన్నో!

పుస్తకం అమ్ముడైంది. 1855లో చవక ధరలో చిన్న హ్యాండ్‌బుక్ కూడా వేశాడు. ఇల్ఫ్రాకూమ్ తీరంలో ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ వెంటబెట్టుకుని రాళ్ళ మీద క్లాసులు చెప్పాడు. 1856లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, కాలేజీ మొహం చూడని గుమస్తా. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశారు కాబట్టి గాజు చవకైంది. రైళ్ళు సముద్ర తీరం దాకా వచ్చాయి. లండన్‌లో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన సముద్ర జీవుల్ని అమ్మే దుకాణమే పెట్టాడు. మధ్యతరగతి ఇళ్ళ హాల్లో అక్వేరియం లేకపోతే నామోషీ అనే దాకా వెళ్ళింది. ఈ రోజుల్లో అయితే రీల్స్ వైరల్ అయ్యాయంటాం.

వేలమంది సుత్తులూ ఉలులూ పట్టుకుని డెవన్ తీరానికి దిగారు. గాస్ చూపించిన మడుగులకే, ఆయన చెప్పిన పద్ధతిలోనే. రాళ్ళు చెక్కారు, నాచు పీకారు, బకెట్లు నింపుకుని రైలెక్కారు. ఇంటికెళ్ళాక తొట్టెల్లో చాలా భాగం చచ్చిపోయాయి. ఎందుకంటే పుస్తకం కొన్నంత మంది దాన్ని చివరిదాకా చదవరు. 1860లు వచ్చేసరికి ఫ్యాషన్ తగ్గింది, తొట్టెలు అటకెక్కాయి. మడుగులు మాత్రం వెనకటిలా లేవు.

గాస్ జీవితంలో ఇంకో దెబ్బ ఈలోపే తగిలింది. 1856లో ఎమిలీకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్ వద్దనుకుని, కొత్త మందు అన్న ఒక డాక్టరు దగ్గర నెలల తరబడి నరకం లాంటి వైద్యం చేయించుకుంది. 1857 ఫిబ్రవరి 10న చనిపోయింది. కొడుక్కి ఏడేళ్ళు.

ఆ ఏడాదే గాస్ తన జీవితంలో అతి చెడ్డ పేరు తెచ్చిన పుస్తకం రాశాడు. పేరు 'ఓంఫలాస్', గ్రీకులో బొడ్డు అని అర్థం. అప్పటికి భూగర్భ శాస్త్రవేత్తలు భూమి వయసు బైబిల్ లెక్కకన్నా చాలా ఎక్కువని చూపిస్తున్నారు. గాస్ రెండింటినీ నమ్మేవాడు. రాళ్ళలో శిలాజాల్ని తన కళ్ళతో చూశాడు, బైబిల్ని అక్షరాలా నమ్మాడు. రెంటినీ కలపడానికి ఒక దారి కనిపెట్టాడు. దేవుడు ఏ జీవిని సృష్టించినా దాని జీవితచక్రం మధ్యలో సృష్టించక తప్పదు. చెట్టుని చేస్తే దానిలో వలయాలుంటాయి, ఆదాముకి తల్లి లేకపోయినా బొడ్డుంటుంది. అలాగే భూమినీ శిలాజాలతో సహా, ఎప్పుడూ జరగని గతంతో సహా చేశాడని వాదించాడు.

మన భాషలో చెప్పాలంటే, రిపాజిటరీని నిన్న సృష్టించారు, కానీ అందులో పదేళ్ళ కమిట్ హిస్టరీ ముందే పెట్టేశారు. లోపల్నుంచి చూసేవాడికి తేడా కనిపెట్టే మార్గమే లేదు. లాజిక్ ప్రకారం తప్పు పట్టలేరు, టెస్ట్ చెయ్యనూ లేరు. అక్కడే పోయింది. శాస్త్రవేత్తలు నవ్వారు. భక్తులకీ నచ్చలేదు, ఎందుకంటే ఆ లెక్కన దేవుడు రాళ్ళ మీద అబద్ధం రాసినట్టవుతుంది. గాస్ పుస్తకాల్ని ఎంతో మెచ్చుకున్న రచయిత చార్లెస్ కింగ్స్‌లీయే, ఆయన మతగురువు కూడా, ఇదే మాట ఉత్తరంలో బాధగా రాశాడు. పుస్తకం కాపీలు చిత్తు కాగితాల కింద పోయాయి. రెండేళ్ళకి డార్విన్ గ్రంథం వచ్చింది. డార్విన్‌కి గాస్ పరిశీలన మీద గౌరవం ఉండేది, ఉత్తరాలు రాసి వివరాలు అడిగేవాడు. అంత చూడగలిగిన మనిషి అటువైపు మాత్రం చూడలేదు. భార్య పోయిన సంవత్సరంలో ఆ పుస్తకం రాశాడన్న సంగతిని పక్కన పెట్టి నేను దాన్ని చదవలేకపోయాను. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

1857 శరదృతువులో తండ్రీకొడుకులు లండన్ వదిలేసి టార్కీ పక్కన సెయింట్ మేరీచర్చ్ అనే ఊళ్ళో స్థిరపడ్డారు. మళ్ళీ మడుగులు. ఈసారి పక్కన చిన్న పిల్లాడు. బ్రిటన్ తీరంలోని సీ అనెమొనీల మీద గాస్ పెద్ద గ్రంథం 1860లో పూర్తయింది. ఆయన రాసినవాటిలో శాస్త్రం పరంగా గట్టిగా నిలిచింది అదే. అందులో చేరిన ఒక కొత్త రకాన్ని మడుగులో ముందుగా చూసింది ఆ పిల్లాడే. ఇంట్లో కథల పుస్తకాలు నిషేధం, క్రిస్మస్ పండుగ నిషేధం, ఆటలు తక్కువ. ఉన్న సంతోషమంతా నీళ్ళలో మోకాలి లోతున నాన్న పక్కన నిలబడ్డప్పుడే.

ఆ కొడుకు పెద్దయ్యాక తండ్రి మతాన్ని వదిలి సాహిత్య విమర్శకుడయ్యాడు. తండ్రి పోయిన చాలా ఏళ్ళకి, 1907లో, 'ఫాదర్ అండ్ సన్' అనే పుస్తకం రాశాడు. గాస్ పేరు ఇవాళ చాలామందికి తెలిసింది దాని వల్లే, అందులోని కఠినమైన తండ్రిగానే. నాకు ఆ పుస్తకం గురించి తెలుసుకున్నప్పుడు గుచ్చుకున్నది మాత్రం మతం గొడవ కాదు. తను చిన్నప్పుడు చూసిన మడుగులు ఇక లేవని ఎడ్మండ్ అందులో రాశాడు. వాటిని ఖాళీ చేసిన జనాన్ని అక్కడికి పంపింది తన తండ్రి పుస్తకాలేనని, ఆ సంగతి బతికుండగానే తండ్రికి తెలిసొచ్చి చాలా కుమిలిపోయాడని కూడా రాశాడు. గాస్ ఏ మడుగునీ పాడు చెయ్యాలనుకోలేదు. ఎవరూ చూడనిదాన్ని అందరికీ చూపించాలనుకున్నాడు.

ఇది పాతకాలం గొడవ అనుకోవడానికి లేదు. అలంకరణ కోసం పెంచే మంచినీటి చేపల్లో చాలా భాగం ఇప్పుడు ఫారాల్లోనే పుడుతున్నాయి. ఉప్పునీటివి మాత్రం ఎక్కువగా ఇంకా సముద్రంలో పట్టినవే. క్లీనర్ ష్రింప్ పిల్లలు నీళ్ళలో తేలుతూ నెలల తరబడి రూపాలు మారాలి, వాటిని తొట్టిలో పెంచడం చాలా కష్టం. అంటే నేను చంపిన ఆ రొయ్య బహుశా ఏదో పగడపు దిబ్బ మీద చేపలకి క్లీనింగ్ స్టేషన్ నడుపుకుంటూ ఉండేది.

1860 డిసెంబరులో గాస్ ఎలైజా బ్రైట్‌వెన్‌ని రెండో పెళ్ళి చేసుకున్నాడు. తర్వాతి జీవితం ప్రశాంతమే. ఆర్కిడ్ పూలు పెంచాడు. సముద్రం గురించి ఇంకా రాశాడు. ముసలితనంలో మళ్ళీ మైక్రోస్కోప్ పట్టుకుని, రోటిఫర్లు అనే నీటిచుక్కలో బతికే జీవుల మీద హడ్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1886లో గ్రంథం తెచ్చాడు. 76 ఏళ్ళ వయసులో! చావు చూడకుండానే క్రీస్తు రెండో రాక జరుగుతుందని ఆఖరిదాకా ఎదురుచూశాడు. ఆ చలికాలాల్లో టెలిస్కోప్ పిచ్చి కూడా పట్టింది. ఒక రాత్రి తెరిచిన కిటికీ దగ్గర నక్షత్రాలు చూస్తూ నిలబడి జలుబు తెచ్చుకున్నాడు, అది ఊపిరితిత్తులకి దిగింది, ఇక కోలుకోలేదు. 1888 ఆగస్టు 23న సెయింట్ మేరీచర్చ్‌లోనే పోయాడు.

దసరాకి మళ్ళీ బావ వాళ్ళింటికి వెళ్ళాను. ఆ ట్యాంకులో కొత్త రొయ్య ఏదీ లేదు, కావాలా అని బావ అడిగితే ఇప్పుడే వద్దన్నాను. పర్మనెంట్ మార్కర్ తీసుకుని గాజు మీద, నీటి మట్టం దగ్గర, స్కేలు పెట్టి ఒక గీత గీశాను. పక్కన మంచినీళ్ళ బిందె పెట్టాను.